అమ్మకి బాగోలేదు

చక్రపాణి కారు దిగలేదు. డ్రైవ్‌వేలో ఆపి, ఇంజన్ నడుస్తుండగానే, లోపలికి వచ్చి కూర్చోమని చేత్తో సైగ చేశాడు. ఫణి మంచు ఎత్తుతున్న పారని గ్యారేజీ గోడకి ఆనించి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నం. షికాగో శివారు అరోరాలో ఆ ఏటి మొదటి మంచు. గుడి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చక్రపాణి నుదుటి మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది.

"ఇంట్లోకి రండి, టీ పెడతాను," అన్నాడు ఫణి.

"వద్దు, నైనిక ఉంటుంది కదా. ఇది నేను నీకు చెప్పకూడదు ఫణీ. చెప్పానని తెలిస్తే నా జాబ్ కూడా పోతుంది."

ఆ 'కూడా' దగ్గరే ఫణి అతని వైపు తిరిగాడు. చక్రపాణి ఫణి భార్య త్రివేణికి మేనేజరు. నేపర్‌విల్‌లో ఒకే ఆఫీసు, రెండు కుటుంబాలకీ రాకపోకలున్నాయి, పిల్లల పుట్టినరోజులకి ఒకరింట్లో ఒకరు గిన్నెలు కడుక్కున్న చనువుంది.

"ఈ ఫ్రైడే లేఆఫ్స్. త్రివేణి లిస్ట్‌లో ఉంది. పొద్దున పదింటికి మీటింగ్ పెడతారు. అదే లాస్ట్ డే."

ఉద్యోగం పోతోందన్న సంగతి ఫణికి వెంటనే అర్థమైంది. రెండో సంగతి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. త్రివేణి ఇప్పుడు అమెరికాలో లేదు. జాంబియా పశ్చిమాన లియువా అనే మైదానంలో ఉంది. అక్కడ ఫోన్లు పని చెయ్యవు. తిరిగి వచ్చేది ఇంకో వారం దాటాకే.

హెచ్‌వన్ వీసా మీద బతికేవాళ్ళకి ఈ లెక్క ఎక్కాల్లాగా నోటికి వచ్చు. ఉద్యోగం పోయిన రోజున దేశం లోపల ఉంటే ఇంకోటి వెతుక్కోడానికి అరవై రోజులు గడువిస్తారు. బయట ఉంటే బయటే. ఫణి పని చేసుకునే పర్మిట్ కూడా త్రివేణి వీసాకి వేలాడుతున్నదే. ఆమెది తెగితే అతనిదీ తెగుతుంది. ఇక్కడ పుట్టిన కూతురు నైనిక ఒక్కతే ఆ ఇంట్లో ఉండడానికి హక్కున్న మనిషి, దానికింకా పదమూడేళ్ళు.

"డేట్ మార్చలేరా?"

"హెచ్ఆర్ సిస్టమ్‌లో లాక్ అయిపోయింది."

"పేరు ఎవరిచ్చారు?"

చక్రపాణి హీటర్ తగ్గించాడు. మళ్ళీ పెంచాడు. "ఒక్క పేరు ఇమ్మన్నారు. ఉన్న ఐదుగురూ వీసా మీదే ఉన్నారు. కౌస్తుభ్‌కి పాప పుట్టి నెల కాలేదు. మేధ మొన్ననే జాయినయింది. రోజూ ఎదురుగా కూర్చుంటారు ఫణీ, మొహాలు చూడాలి. త్రివేణి లీవ్‌లో ఉంది. మీరిద్దరూ ఎర్న్ చేస్తున్నారు, ఆఫ్రికా వెళ్ళి జంతువుల్ని చూసి రాగలిగారంటే మేనేజ్ చేసుకుంటారు అనుకున్నాను. ఆమె బయట ఉంటే ఏమవుతుందో రాత్రి మా ఆవిడ అడిగేదాకా నాకు స్ట్రైక్ అవలేదు. నిజం."

నిజమే అయి ఉంటుంది. ఎదురుగా లేని మనిషి పేరు చెప్పడం తేలిక, దానికి పెద్ద దుర్మార్గుడు అక్కర్లేదు. ఫణికి అతని చొక్కా పట్టుకోవాలనిపించింది. దానికి బదులు, "థాంక్స్ అండీ," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో కారు వెళ్ళిపోయాక కూడా అర్థం కాలేదు. పారతో ఎత్తిన మంచునే మళ్ళీ ఎత్తి పక్కన పోశాడు.

*

ఆఫ్రికా అంటే మనవాళ్ళందరూ వెళ్ళొచ్చే ఆఫ్రికా ఒకటుంది. ప్యాకేజీలో వంటవాడు కూడా వస్తాడు. పొద్దున పోహా, రాత్రి పప్పు. ఒక సింహం చుట్టూ ఇరవై జీపులు. త్రివేణికి అది అక్కర్లేదు. శనివారాలు దగ్గర్లోని ఫెర్మీల్యాబ్ పరిశోధన కేంద్రం కంచె దగ్గర నిలబడి, అక్కడ పెంచే బైసన్ దున్నలు గడ్డి మేయడం గంటలకొద్దీ చూసే మనిషి ఆమె. లియువా గురించి చదివిన దగ్గర్నుంచి అదే ధ్యాస. మొదటి వానలకి వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు ఆ మైదానంలోకి దిగుతాయి. వాటి మధ్యనే ఊళ్ళుంటాయి, ఆ జంతువుల్ని కాపాడుకోవడం తాతల నాటి నుంచి తమ బాధ్యత అనుకునే మనుషులుంటారు. "అక్కడేముంది?" అని పాట్‌లక్ విందులో అందరూ అడిగితే, "మనం లేకపోవడం ఉంది," అని నవ్వేది.

సిగ్నల్ ఉన్న ఆఖరి ఊరి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఇక్కడ ఆడవాళ్ళు వెదురు బుట్టలతో చేపలు పడతారు ఫణీ, మోకాలి లోతు నీళ్ళలో వరసగా నడుస్తూ. నేను కూడా పడతానన్నాను, ఒకటే నవ్వు. రేపట్నుంచి నేను దొరకను. నైనీ క్లారినెట్ ప్రాక్టీస్ మానకుండా చూడు."

సోమవారం పొద్దున నైనికని స్కూల్లో దింపి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఫణి జాంబియా రాజధాని లుసాకాకి ఫోన్ చేశాడు. ఆ ప్రయాణాలు నడిపే చిన్న సంస్థలో నమకావు అనే ఆవిడ ఎత్తింది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడుతుంది. ముందు అతని క్షేమం అడిగింది, అతని కూతురి క్షేమం అడిగింది, మీ దగ్గర చలిగా ఉందా అని అడిగింది. ఫణి పళ్ళు బిగబట్టి అన్నిటికీ జవాబు చెప్పాడు.

"నా భార్య వెంటనే బయల్దేరాలి. ఆఫీసు పని."

"అందరూ ఆఫీసుకి దొరకని చోటు కావాలనే ఇక్కడికి వస్తారు, మిస్టర్ ఫణి."

ఫణి మొత్తం చెప్పాడు. వీసా, శుక్రవారం, గడువు. ఎంత వివరంగా చెబితే అంత పిచ్చిగా వినిపించింది అతనికే.

"ఆమె ఇల్లు అక్కడే ఉంది," అంది నమకావు. "కూతురు అక్కడే ఉంది. శనివారం వస్తే ఆమెని ఇంటికి రానివ్వరా?"

"రానివ్వరు."

ఆవిడ దారుల సంగతికి వచ్చింది. ఈసారి వానలు ముందే వచ్చాయనీ, ట్రక్కు దారి మునిగిందనీ, సరుకుల పడవ గురువారం గాని వెళ్ళదనీ చెప్పింది. చిన్న విమానం ఒకటుంది, కానీ అది ప్రాణం మీదికి వస్తేనే ఎగురుతుంది. "ఉద్యోగం అని చెబితే పైలట్ నన్ను చూసి నవ్వుతాడు. నన్ను క్షమించండి."

ఫోన్ పెట్టేశాక ఫణి లాప్‌టాప్ తెరిచి తన పనిలో కూర్చున్నాడు. అతనిది ఒక ఆస్పత్రికి బిల్లింగ్ చూసే పని. ఇన్సూరెన్సు వాళ్ళు తిప్పి పంపిన క్లెయిములు విప్పి, కారణం ఎక్కడ తప్పిందో చూసి, సరైన కారణం పెట్టి మళ్ళీ పంపాలి. అదే రోగి, అదే నొప్పి, చేసిన వైద్యం అదే. కారణం మారిస్తే పాసవుతుంది. అది అతనికి వెన్నతో పెట్టిన విద్య. రెండు క్లెయిములు సరిచేసి మూడోది తెరిచి, దాన్ని అలాగే వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

నైనికకి బాగోలేదని చెప్పొచ్చు. ఆ మాట మనసులో కూడా అనుకోలేకపోయాడు. తన తల్లి పోయి ఆరేళ్ళయింది, ఆవిడ ఈ పనికి రాదు. ఇక మిగిలింది అత్తగారు ఛాయాదేవి. ఏలూరులో అపార్ట్‌మెంట్లో ఒక్కతే ఉంటుంది, పోస్టాఫీసులో పని చేసి రిటైరైంది, ఇప్పటికీ స్కూటీ మీదే కూరగాయలకి వెళ్తుంది. గుండ్రాయిలాంటి మనిషి, ఏ దిష్టీ తగలదు అనుకున్నాడు ఫణి. పైగా ఈ అబద్ధం ఎంతసేపు. లుసాకాలో దిగి సిగ్నల్ రాగానే త్రివేణి ఫోన్ చేసేది తనకే. అప్పుడు నిజం చెప్పేస్తే సరి, నాలుగు తిట్లు తిట్టి విమానం ఎక్కుతుంది.

మళ్ళీ ఫోన్ చేశాడు.

"త్రివేణి వాళ్ళ అమ్మకి బాగోలేదు. ఇప్పుడే కబురొచ్చింది. వెంటనే బయల్దేరమని చెప్పండి."

"ఇందాక మీరు ఆఫీసు అన్నారు," అంది నమకావు.

"అప్పటికి ఇది తెలియదు."

ఆ పక్క ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"తల్లి గురించి అలాంటి మాట ఎవరూ ఊరికే అనరు," అందావిడ చివరికి. "నేను రేడియోలో చెప్పిస్తాను. విమానం అడుగుతాను. మీ అత్తగారి కోసం ప్రార్థన చేస్తాను."

ఫణి థాంక్స్ చెప్పాడు. వెంటనే లుసాకా నుంచి షికాగోకి టికెట్ కొని, ధర వైపు చూడకుండా, నమకావుకి పంపాడు.

*

మంగళవారం విమానం లేవలేదు. అక్కడ రాత్రంతా వాన కురిసింది, విమానం దిగే గడ్డి నేల చెరువై కూర్చుందని నమకావు మెసేజ్ పెట్టింది. కబురు మాత్రం అందింది. క్యాంపు నుంచి మనిషి నీళ్ళలో నడిచి వెళ్ళి, చేపలు పట్టే చోట ఉన్న త్రివేణికి చెప్పాడట.

ఫణి ఆ రోజంతా చేతులకి పని చెప్పాడు. నిద్ర పట్టని మనిషి ఇల్లు ఎంత శుభ్రంగా ఉంటుందో ఆ రోజు ఆ ఇంటిని చూడాలి. ఫ్రిజ్ అరలు తీసి కడిగాడు. పక్షుల కోసం త్రివేణి పెరట్లో వేలాడదీసిన గూటిలో గింజలు నింపాడు. పెసలు నానబోసి, నానబోసిన సంగతి మర్చిపోయి మళ్ళీ నానబోశాడు. మధ్యమధ్యలో లియువాలో వాతావరణం చూసేవాడు. ఆ పేరు కొడితే ఫోను ఎక్కడో ఎనభై మైళ్ళ దూరంలో ఉన్న ఇంకో ఊరి వాన చూపించేది. చూసి దండం పెట్టుకునేవాడు.

"డాడ్, ఆర్ యూ ఓకే?" అంది నైనిక సాయంత్రం. "నువ్వు టూ టైమ్స్ సాల్ట్ వేసినావు పప్పులో."

"ఆఫీసులో పనెక్కువైంది నాన్నా."

అది తిండి పక్కన పెట్టి అతని వైపు చూసింది. లేచి పెరుగు తెచ్చుకుంది.

బుధవారం పొద్దున మెసేజ్ వచ్చింది. విమానం లేచింది, త్రివేణి అందులో ఉంది, సాయంత్రానికి లుసాకాలో ఉంటుంది. ఫణి సింకు దగ్గర నిలబడి ఏడ్చాడు. కుళాయి తిప్పి మరీ ఏడ్చాడు, ఇంట్లో ఎవరూ లేకపోయినా. ఆ రాత్రి విమానం ఎక్కితే గురువారం రాత్రికి షికాగో ఓహేర్‌లో దిగుతుంది. శుక్రవారం పొద్దున పదింటికి తన బల్ల ముందు కూర్చుని, తన ఉద్యోగం పోయిందన్న మాట హాయిగా వింటుంది. ఒక మనిషి ఇంతకన్నా ఏం కోరుకుంటాడు అనిపించింది అతనికి. ఇలాంటి దానికి సంతోషపడే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

లుసాకాలో దిగాక త్రివేణి ఫోన్ చెయ్యలేదు. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందనుకున్నాడు. "అమ్మ రేపు వచ్చేస్తోంది," అని నైనికకి చెప్పాడు. అది ఎగిరి గంతేసి, అమ్మ మంచం మీద దుప్పట్లు మార్చి, క్లారినెట్ తీసి తనంత తనే వాయించుకుంది.

*

గురువారం పొద్దున నైనిక బస్సెక్కాక ఫోన్ చూసుకుంటే నమకావు రాసిన పెద్ద మెసేజ్ ఉంది.

'మిస్టర్ ఫణి, మీ భార్య చాలా ధైర్యం గల మనిషి. మీరు పంపిన టికెట్ షికాగోకి ఉంది, కంగారులో పొరపాటు జరిగినట్టుంది. ఆమె కోరినట్టే దుబాయ్ మీదుగా హైదరాబాదుకి మార్చి ఎక్కించాం. మార్చినందుకు మీరు మాకేమీ ఇవ్వక్కర్లేదు. ఆమె తల్లిని సమయానికి చేరాలని మేమందరం కోరుకుంటున్నాం.'

ఫణి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని ఆ మెసేజే మళ్ళీ మళ్ళీ చదివాడు.

మనలో మనిషి పోతే పోయారని ఎవరూ చెప్పరు. దూరాన ఉన్నవాళ్ళకి అసలే చెప్పరు. కొంచెం నలతగా ఉంది, ఒకసారి వచ్చి వెళ్ళు, అంటారు. ప్రయాణంలో ఆ మనిషి ఏమైపోతాడో అని. విన్నవాడికి వెంటనే అర్థమైపోతుంది, అర్థమైందని వాడు కూడా చెప్పడు. త్రివేణి అలాంటి ఇంట్లోనే పుట్టి పెరిగిన పిల్ల. నీళ్ళలో నిలబడి 'అమ్మకి బాగోలేదు, వెంటనే బయల్దేరు' అన్న మాట వింటే ఏమనుకుంటుందో ఫణికి తెలిసి ఉండాల్సింది. అతనికి క్లెయిము పాసయ్యే కారణం ఒక్కటే కనబడింది.

ఇక ఆమె ఎందుకు ఫోన్ చెయ్యడం లేదో కూడా అర్థమైంది. చేస్తే ఎవరో ఒకరు చెప్పేస్తారు. చెయ్యనంతసేపూ తల్లి ఉన్నట్టే. ఫోన్ కట్టేసుకుని కూర్చుంది.

ఆమె అప్పటికి దుబాయ్‌లో ఉంది, తర్వాతి విమానం కోసం. ఫణి విమానాల కంపెనీకి ఫోన్ చేశాడు. పాట విన్నాడు. మనిషి ఎత్తింది. ప్రయాణికులకి కబుర్లు అందించడం కుదరదు సార్, అంది. ఎమర్జెన్సీ అన్నాడు. ఏమిటి ఎమర్జెన్సీ అని అడిగింది. వాళ్ళ అమ్మకి ఏమీ కాలేదు, అది చెప్పాలి, అన్నాడు. అవతల మనిషి అతన్ని మళ్ళీ పాట దగ్గరికి పంపింది.

హైదరాబాదులో త్రివేణి పిన్ని కొడుకు అఖిల్ ఉన్నాడు. ఆమె దిగే వేళకి అఖిల్ ఎయిర్‌పోర్టులో ఉండాలి. అక్కడి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి ఒక విమానం ఉంది, అది ఎక్కితే శుక్రవారం మధ్యాహ్నానికి షికాగో. పదింటి మీటింగుకి అందకపోయినా శుక్రవారం శుక్రవారమే. ఫణి ఆ టికెట్ కూడా కొన్నాడు. అఖిల్‌కి సగం చెప్పాడు, సగం మింగాడు.

అత్తగారికి ఫోన్ చెయ్యాలని రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాడు. అత్తయ్యగారూ, మీరు చావుబతుకుల్లో ఉన్నారని చెప్పాను అని ఏ అల్లుడు అనగలడు. అఖిల్ ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటాడు, ఆవిడ దాకా వెళ్ళనే వెళ్ళదు. అలా అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం క్లారినెట్ క్లాసు ఉంది కాబట్టి నైనికని స్కూల్ నుంచి తనే తీసుకు వెళ్ళాలి. పికప్ లైన్‌లో కార్లు బంపరుకి బంపరు ఆనించి కదులుతున్నాయి. నల్లగా మాసిన మంచు రోడ్డు పక్కన కుప్పలుగా పడి ఉంది. అప్పుడు ఫోన్ మోగింది.

"బావా, అక్క వచ్చింది. ఇస్తున్నా," అన్నాడు అఖిల్.

"త్రివేణీ."

"చెప్పు ఫణీ." గొంతు బొంగురుపోయి ఉంది.

"అత్తయ్యగారికి ఏం కాలేదు. బాగున్నారు. నేనే అబద్ధం చెప్పాను. నీ జాబ్ పోతోంది, రేపే లాస్ట్ డే. రేపటికి నువ్వు ఇక్కడ ల్యాండ్ అవ్వాలి. అఖిల్ దగ్గర టికెట్ ఉంది, వెంటనే చెకిన్ అవ్వు. మిగతాది వచ్చాక తిట్టు."

ట్రాలీ చక్రాల చప్పుడు వినబడింది. ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"ఎప్పుడు పోయింది?" అంది త్రివేణి.

"పోలేదు. నా మాట విను, నిజంగా పోలేదు."

"నాన్నప్పుడు కూడా ఇలాగే అన్నావు. ఏం కాలేదు, బాగున్నారు అని. ఇంటి ముందు టెంట్ కనబడేదాకా అదే మాట మీద ఉన్నావు."

"అప్పుడు వేరు."

"మధ్యలో జాబ్ ఎందుకు తెస్తున్నావు? నేను తట్టుకోగలను ఫణీ. పోయిందని ఒక్క మాట చెప్పు చాలు."

కారు తలుపు తెరుచుకుంది. నైనిక బ్యాగు వెనక సీట్లోకి విసిరి ముందు కూర్చుంది. "అమ్మా? ఈజ్ దట్ అమ్మ?" అంటూ తండ్రి మొహం చూసింది. పదమూడేళ్ళ పిల్ల అలాంటి మొహం ఎప్పుడూ చూసి ఉండదు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, వాట్ హాపెన్డ్? నువ్వు ఇవాళ వస్తావు అని నాన్న చెప్పాడు. ప్లీజ్ వచ్చెయ్ అమ్మా."

"పాప ఏడుస్తోంది," అంది త్రివేణి. "దానికి చెప్పావు, నాకు చెప్పవు."

"దానికేం చెప్పలేదు."

"అయితే అమ్మతో మాట్లాడించు."

అఖిల్ తన రెండో ఫోన్ నుంచి ఏలూరుకి కలిపాడు. ఆ మోగుతున్న చప్పుడు అరోరాలో కారులోకి కూడా వినబడింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. ఛాయాదేవి ఫోన్ హాల్లో ఛార్జింగుకి పెట్టి, తన గది తలుపు వేసుకుని, ఏసీ చప్పుడులో పడుకునే మనిషి. ఆ సంగతి ఫణికి తెలుసు, త్రివేణికి కూడా తెలుసు. కానీ అమ్మ ఎత్తడం లేదు, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు, మళ్ళీ ఆగిపోయింది. వెనక కారువాళ్ళు హారన్ కొట్టారు. ముందంతా ఖాళీ అయింది, ఫణి కదలలేదు.

"చాలు అఖిల్," అంది త్రివేణి. చాలా మెల్లగా అంది. "కారు ఎక్కడ పెట్టావు?"

ఫణి అరిచాడు. త్రివేణీ, ఒక్క అరగంట ఆగు, పొరుగువాళ్ళని లేపుతాను, తలుపు కొట్టిస్తాను, వీడియోలో చూపిస్తాను, అని. అప్పటికే ఫోన్ అఖిల్ చేతిలోకి మారింది.

"బావా, అక్క ఆగేలా లేదు. వెళ్ళిపోతోంది. నేను డ్రైవ్ చేస్తాను, ఒక్కదాన్నే పంపలేను."

స్కూల్ టీచరొకావిడ నారింజ రంగు కోటు వేసుకుని కిటికీ మీద తట్టింది. అంతా బాగానే ఉందా అని అడిగింది. ఫణి బాగానే ఉందన్నాడు.

ఆ రాత్రి అఖిల్ నుంచి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. 'చేరాం బావా. పెద్దమ్మే తలుపు తీసింది. అక్క ఏం మాట్లాడట్లేదు.' అప్పటికి నాలుగున్నర విమానం వెళ్ళిపోయి గంటలు గడిచాయి. ఆమె ఇక ఏ విమానం పట్టుకున్నా శుక్రవారంలోకి దిగదు. ఫణి నైనికని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. అది అంతా విని, "సో నేను మాత్రమే ఉండొచ్చు ఇక్కడ?" అని అడిగింది.

*

శుక్రవారం పొద్దున అత్తగారి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఫణి నిలబడి ఎత్తాడు.

"బాబూ, నేనే," అంది ఛాయాదేవి. "చచ్చినదాన్ని."

"అత్తయ్యగారూ, నన్ను క్షమించండి."

"నన్ను చంపావని నాకేం బాధ లేదయ్యా. ఈ వయసులో అది ఎవరో ఒకరు అనేదే. పని జరుగుతుందంటే నేనే మూలుగుతూ ఫోన్‌లో మాట్లాడి ఉండేదాన్ని. నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది బాబూ. రాత్రి ఫోన్ పక్కలో పెట్టుకుని పడుకునేదాన్ని."

ఫణి ఐదు రోజులుగా ఎవరెవరినో బతిమాలాడు, ఇంగ్లీషులో, తెలుగులో. చెయ్యాల్సిన ఫోన్ ఇదొక్కటి.

"అది లేచింది. ఇస్తున్నాను," అందావిడ.

త్రివేణి తిట్టలేదు. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని ఎదురు చూశాడు. గిన్నెల చప్పుడు, స్కూటర్ల చప్పుడు వినిపిస్తున్నాయి.

"పేరు ఎవరిచ్చారు?" అని అడిగింది.

"చక్రపాణి."

"ఊఁ," అంది. అంతే, ఇంక ఆ మాట ఎత్తలేదు. "నైనీ తిన్నదా?"

"తిన్నది. త్రివేణీ, లాయర్‌ని అడుగుతాను. ఏదో ఒక దారి..."

"అడుగు. ముందు నువ్వు నాకొక పని చెయ్యాలి. ఆ కబురు వచ్చినప్పుడు మేం నీళ్ళలో ఉన్నాం. పది పన్నెండుమంది ఆడవాళ్ళు. క్యాంపు మనిషి వచ్చి చెప్పాడు. నేను బుట్ట వదిలేశాను. వాళ్ళు చేపలు పట్టడం ఆపేశారు ఫణీ. అందరూ ఒడ్డుకొచ్చి నా చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ భాష నాకు రాదు, నాది వాళ్ళకి రాదు. మెల్లగా చప్పట్లు కొడతారు, అరచేతులు ఇలా దగ్గర పెట్టుకుని, గౌరవంగా. అలా కూర్చున్నారు, వాన పడుతున్నా లేవలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఎవరూ ఇళ్ళకి వెళ్ళి వంట చెయ్యలేదు. ఒక పెద్దావిడ విమానం దాకా నాతో నీళ్ళలో నడిచింది. మా అమ్మ పేరేమిటని అడిగించింది. చెప్పాను. ఆవిడ ఆ పేరు పలికి పలికి నేర్చుకుంది."

ఫణి గోడకి ఆనుకున్నాడు.

"వాళ్ళు మా అమ్మ కోసం ఏడ్చారు ఫణీ. నిజంగా ఏడ్చారు. మా అమ్మ ఇక్కడ చారు పెడుతోంది. ఆ సంగతి వాళ్ళకి ఎవరు చెప్తారు? నువ్వే చెప్పాలి. నేను చెప్పలేను, నాకు సిగ్గుగా ఉంది."

"చెప్తాను."

"ఇప్పుడే చెప్పు."

పదింటి మీటింగుకి ఇంకా కొంచెం టైముంది. త్రివేణి లాప్‌టాప్ పైగదిలో మూసి ఉంది. ఆ మీటింగుకి ఎవరూ రాకపోయినా అది జరిగిపోతుంది. ఫణి వంటింటి బల్ల దగ్గరే కూర్చుని లుసాకాకి ఫోన్ చేశాడు. నమకావు ఎప్పటిలాగే ముందు అతని క్షేమం అడిగింది, కూతురి క్షేమం అడిగింది. ఈసారి ఫణి కంగారు పడలేదు. ఆవిడ క్షేమం కూడా అడిగాడు. తర్వాత చెప్పాడు. మా అత్తగారికి ఏ జబ్బూ లేదు, నేను అబద్ధం చెప్పాను, విమానం కోసం. ఒక్కో మాటా దాచకుండా చెప్పి, తిట్లకి సిద్ధపడి ఆగాడు.

"అంటే ఆమె తల్లి బతికే ఉందా?" అంది నమకావు.

"ఉన్నారు. బాగున్నారు."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా. చారు పెడుతున్నారు."

ఆవిడ నవ్వింది. ఫణి ఎదురు చూడని నవ్వు అది. గదిలో ఎవరికో తమ భాషలో గట్టిగా చెప్పింది, వాళ్ళు కూడా ఏదో అన్నారు, రెండు చేతులు తట్టిన చప్పుడు వినబడింది. "మీరు నాతో అబద్ధం ఆడారు మిస్టర్ ఫణి, దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం, నాకు చాలా కోపంగా ఉంది," అందావిడ, గొంతులో ఇంకా ఆ సంతోషం పోకుండానే. "కానీ ముందు రేడియోలో చెప్పాలి. ఆ పెద్దావిడ నిన్నా ఇవాళా రేడియో గుడిసె దగ్గరికి వచ్చి కూర్చుంది, ఛాయాదేవి ఎలా ఉందని. ఇక ఇంటికి వెళ్ళి పని చూసుకోవచ్చు."

"ఇంకొకటి," అంది నమకావు. "త్రివేణి కూతురి దగ్గరికి, తన ఇంటికి చేరగానే నాకొక మాట పంపండి. అది కూడా వాళ్ళు అడుగుతారు."

పంపిస్తానన్నాడు ఫణి. అది అబద్ధమో కాదో అప్పటికి అతనికీ తెలియదు.